లినక్స్‌లో కంటైనర్లు: డాకరా, పాడ్‌మనా, ఇంకసా?

ఒక ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి, మిగతా సిస్టమ్‌కు విడిగా నడిపే పద్ధతే కంటైనర్. ఆ పని చేసిపెట్టే సాధనాల్లో అందరికీ తెలిసిన పేరు డాకర్. కొత్తగా ఉబుంటు వేసుకున్న మెషీన్‌లో టెర్మినల్ తెరిచి 'డాకర్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. అలాంటి కమాండ్ లేదంటూనే, కావాలంటే వీటిలో ఏదో ఒకటి వేసుకోమని అదే దారులు చూపిస్తుంది: స్నాప్‌లో డాకర్, ఆప్ట్‌లో డాకర్.ఐఓ, ఆప్ట్‌లోనే పాడ్‌మన్-డాకర్. చాలామంది పైన కనిపించిన లైన్ కాపీ చేసి కొట్టేస్తారు. మొదట్లో నేనూ అంతే.

కానీ అవి ఒకే వస్తువుకు మూడు పేర్లు కావు. మొదటిది స్నాప్ అనే పెట్టెలో బిగించిన డాకర్. రెండోది డెబియన్, ఉబుంటు వాళ్లు తమ పద్ధతిలో ప్యాక్ చేసిన డాకర్. మూడోది అసలు డాకరే కాదు, డాకర్ అని పిలిచినా పలికే పాడ్‌మన్. పైగా ఎక్కువమంది చివరికి స్థిరపడే డాకర్ సీఈ, అంటే డాకర్ సంస్థే ఇచ్చే ఉచిత వెర్షన్, ఈ మూడింటిలోనూ లేదు, దానికి ఆ సంస్థ సొంత రెపో (ప్యాకేజీల గిడ్డంగి) కలుపుకోవాలి. ఇవి కాక, ఒక్క అప్లికేషన్ బదులు పూర్తి లినక్స్ మెషీన్‌నే కంటైనర్‌గా నడిపే ఇంకస్ అని ఇంకో జాతి ఉంది. ఇన్ని ఉన్నప్పుడు తల తిరగడం సహజం.

ముందు అడగాల్సింది వేరే

వీటిలో ఏది వేగంగా నడుస్తుంది అని అడిగేవాళ్లు చాలామంది. ఆ లెక్కన ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కంటైనర్ అంటే వర్చువల్ మెషీన్ కాదు, మీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీదే నడిచే మామూలు ప్రాసెస్. చుట్టూ ఏముందో దానికి కనబడకుండా నేమ్‌స్పేస్‌లు గోడ కడతాయి, ఎంత మెమరీ, ఎంత సీపీయూ వాడుకోవచ్చో సీగ్రూప్‌లు హద్దు పెడతాయి. సీగ్రూప్‌లు కెర్నల్‌లోకి వచ్చింది 2008లో, 2.6.24తో. డాకర్ జనం ముందుకు వచ్చింది 2013లో. అంటే డాకర్ కంటైనర్‌ను కనిపెట్టలేదు, మామూలు మనిషి ఒక్క కమాండ్‌తో వాడుకునేలా చేసింది. డాకర్ అయినా పాడ్‌మన్ అయినా అడుగున పని చేసే యంత్రం ఒకటే. ఇమేజ్‌ల (కంటైనర్లు తయారయ్యే అచ్చుల) పద్ధతీ ఒకటే కాబట్టి ఒకదాంతో కట్టిన ఇమేజ్ రెండోదానిలో నడుస్తుంది.

తేడా ఎక్కడంటే, ఆ ప్రాసెస్‌ను ఎవరు మొదలుపెడతారు, ఎవరి హక్కులతో నడుస్తుంది, మెషీన్ రీబూట్ అయితే మళ్లీ ఎవరు లేపుతారు. ఎంపిక అంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

డాకర్‌లో డాకర్‌డి అనే డీమన్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్, రూట్ హక్కులతో, అంటే మెషీన్ మీద సర్వాధికారాలతో, ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మీరు టెర్మినల్‌లో కొట్టే 'డాకర్' కమాండ్ ఉత్త కబురు మోసేది. అది ఒక సాకెట్ ద్వారా డీమన్‌కు చెబుతుంది, పని చేసేది డీమన్. ఆ సాకెట్‌ను ముట్టుకునే హక్కు రూట్‌కు, 'డాకర్' గ్రూపులో ఉన్నవాళ్లకు మాత్రమే ఉంటుంది. ప్రతిసారీ సుడో కొట్టడం విసుగు కాబట్టి ఇన్‌స్టాల్ అవ్వగానే అందరూ చేసే మొదటి పని తమ యూజర్‌ను ఆ గ్రూపులో కలపడం. అలా కలిపితే ఏమవుతుందో ఒక్కసారి మీ మెషీన్‌లోనే చేసి చూడండి. సుడో లేకుండా ఒక చిన్న ఆల్పైన్ కంటైనర్ నడపండి, నడిపేటప్పుడు మైనస్ వి ఆప్షన్‌తో మీ మెషీన్ రూట్ డైరెక్టరీని, అంటే ఉత్త స్లాష్‌ను, కంటైనర్‌లో 'హోస్ట్' అనే ఫోల్డర్‌గా తగిలించండి. లోపలికి వెళ్లి ఆ ఫోల్డర్‌లోకి సీహెచ్‌రూట్ చేయండి, అంటే దాన్నే రూట్ డైరెక్టరీగా మార్చుకోండి. ఇప్పుడు మీ ముందున్నది మీ అసలు మెషీన్, మీరు దాని రూట్. పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు దాచే షాడో ఫైల్ చదవొచ్చు, మార్చొచ్చు కూడా.

ఇది బగ్ కాదు, డిజైనే అంత. డాకర్ డాక్యుమెంటేషన్‌లోనూ ఈ గ్రూపుకు రూట్ స్థాయి హక్కులు వస్తాయని రాసే ఉంటుంది. మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌లో, ఎలాగూ సుడో ఉన్న యూజర్‌కు ఇది పెద్ద నష్టం కాదు. పది మంది లాగిన్ అయ్యే సర్వర్‌లో మాత్రం 'వాడికి కాస్త డాకర్ యాక్సెస్ ఇవ్వు' అన్నారంటే, రూట్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టమన్నట్టే.

పాడ్‌మన్‌లో ఆ డీమనే లేదు. కమాండ్ కొట్టిన మీరే కంటైనర్‌ను మొదలుపెడతారు, మీ హక్కులతోనే అది నడుస్తుంది. లోపల 'నేను రూట్' అని చెప్పుకునే ప్రాసెస్‌ను బయటి నుంచి పీఎస్ కొట్టి చూస్తే మీ యూజర్ పేరే కనబడుతుంది. లోపలి మిగతా యూజర్ల కోసం సబ్‌యూఐడీ ఫైల్‌లో మీ పేరు మీద కొన్ని నంబర్లు, మామూలుగా 65,536, కేటాయించి ఉంటాయి. అవి 1,00,000 నుంచి మొదలైతే, కంటైనర్‌లో 33వ నంబర్ యూజర్ రాసిన ఫైల్ బయట 1,00,032 నంబర్ మీద కనబడుతుంది. ఈ లెక్క తెలియకపోతే తర్వాత గందరగోళపడతారు. మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్న ఫైల్‌ను మీరే డిలీట్ చేయబోతే పర్మిషన్ లేదంటుంది. అప్పుడు సుడో వైపు పరుగెత్తక్కర్లేదు. 'పాడ్‌మన్ అన్‌షేర్' అని ముందు పెట్టి డిలీట్ కమాండ్ కొడితే, అదే నంబర్ల లెక్క లోపలికి వెళ్లి పని చేస్తుంది.

డాకర్‌కూ ఇలా రూట్ హక్కులు లేకుండా నడిచే రూట్‌లెస్ పద్ధతి ఉంది. 2020 చివర్లో వచ్చిన 20.10 నుంచి అది ప్రయోగ దశ దాటింది. పని చేస్తుంది. కాకపోతే అది విడిగా కూర్చుని సెటప్ చేసుకోవాల్సిన దారి, పాడ్‌మన్‌లో మామూలు దారే అది.

డాకర్ అనుకుంటే

డెబియన్‌లో ఈ ప్యాకేజీ పేరు డాకర్.ఐఓ అని ఎందుకుందో చాలామందికి తెలియదు. కంటైనర్లు రాకముందే 'డాకర్' అనే పేరుతో ఒక చిన్న సిస్టమ్ ట్రే ప్రోగ్రామ్ అక్కడ ఉండేది. పేరు దానిదైపోయింది, కొత్తవాడు తోక తగిలించుకోవాల్సి వచ్చింది.

డాకర్.ఐఓ అంటే కొందరు మొహం చిట్లిస్తారు, పాతదని. వెర్షన్ కాస్త వెనకబడి ఉండే మాట నిజమే. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు మిగతా సిస్టమ్‌తో పాటే వస్తాయి, బయటి రెపో ఒకటి గుర్తుపెట్టుకుని చూసుకునే పని ఉండదు. నాలుగు కంటైనర్లు నడిపి మర్చిపోయే చిన్న సర్వర్‌కు నేను ఇప్పటికీ దాన్నే వేస్తాను. రోజూ ఇమేజ్‌లు కట్టే పని, కంపోజ్ ఫైళ్లలో (పలు కంటైనర్లను ఒకేచోట రాసి కలిపి లేపే ఫైళ్లు) కొత్త సదుపాయాల అవసరం ఉంటే డాకర్ సొంత రెపో కలుపుకోండి.

ఆ దారిలో ముందు పాతవి తీసేయాలి: డాకర్.ఐఓ, పాడ్‌మన్-డాకర్, డాకర్ అడుగున కంటైనర్లను నడిపే ముక్కలైన, డిస్ట్రో ఇచ్చే కంటైనర్‌డి, రన్‌సీ. ఉంచితే కొత్తవాటితో గొడవ పడతాయి. తర్వాత డాకర్ సంతకపు కీని ఈటీసీ కింద ఆప్ట్‌లోని కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రెపో చిరునామా జోడించి, ఐదు ప్యాకేజీలు వేయాలి: డాకర్ సీఈ, దాని సీఎల్ఐ, కంటైనర్‌డి.ఐఓ, ఇమేజ్‌లు కట్టే బిల్డెక్స్ ప్లగిన్, కంపోజ్ ప్లగిన్. మింట్ లాంటి, ఉబుంటు మీద కట్టిన డిస్ట్రో వాడేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. రెపో చిరునామాలో మింట్ కోడ్‌నేమ్ పెడితే అలాంటి విడుదల లేదని ఎర్రర్ వస్తుంది. దాని అడుగున ఉన్న ఉబుంటు కోడ్‌నేమ్ పెట్టాలి. ఓఎస్-రిలీజ్ ఫైల్‌లో ఉబుంటు కోడ్‌నేమ్ అని విడిగా ఒక లైన్ ఉంటుంది, చూసి పెట్టండి.

ఇదంతా ఒక్క లైన్‌లో చేసి పెట్టే స్క్రిప్టునూ డాకర్ వాళ్లే ఇస్తారు. టెస్ట్ మెషీన్‌కు హాయి. ప్రొడక్షన్‌కు వద్దని వాళ్లే అంటారు, వాళ్ల మాట వినండి.

స్నాప్‌లోని డాకర్ గురించి ఎక్కువ చెప్పను. మామూలుగా అది మీ హోమ్ ఫోల్డర్ దాటి చూడలేదు. డేటా వేరే డిస్క్ మీద పెట్టుకుని దాన్ని వాల్యూమ్‌గా (కంటైనర్ డేటా దాచుకునే బయటి ఫోల్డర్‌గా) తగిలించిన రోజున ఈ సంగతి తెలుస్తుంది, లోపల ఫోల్డర్ ఖాళీగా కనబడి.

లినక్స్‌కు డాకర్ డెస్క్‌టాప్ కూడా ఉంది, కిటికీలు, బటన్లతో. మ్యాక్, విండోస్‌లలో దాని అవసరం అర్థమవుతుంది, అక్కడ లినక్స్ కెర్నల్ లేదు కాబట్టి వర్చువల్ మెషీన్ తప్పదు. లినక్స్ మీద కూడా అది కేవీఎమ్‌తో ఒక వర్చువల్ మెషీన్ లేపి, కంటైనర్లను అందులో నడుపుతుంది. ఉన్న కెర్నల్ వదిలేసి ఇంకో కెర్నల్ మోయడం ఎందుకో నాకు అర్థం కాదు. మామూలు ఇంజిన్ కూడా పక్కనే ఉంటే ఇంకో తికమక: రెండింటి ఇమేజ్‌లు వేరు, కంటైనర్లు వేరు. నిన్న నడిపిన కంటైనర్ ఇవాళ ఏదీ అని వెతుక్కుంటారు. ఆఫీసులో వాడేట్టయితే లైసెన్సు కూడా చూసుకోవాలి. 250 మంది ఉద్యోగులు గానీ, ఏడాదికి కోటి డాలర్ల ఆదాయం గానీ దాటిన సంస్థలు డెస్క్‌టాప్‌కు డబ్బు కట్టాలని 2021లో నిబంధన వచ్చింది. ఇది డెస్క్‌టాప్‌కే. మామూలు డాకర్ ఇంజిన్‌కు ఆ బాదరబందీ లేదు.

ఇన్‌స్టాల్ అయ్యి హలో-వరల్డ్ నడవగానే పని అయిపోయిందనుకోకండి. ఫైర్‌వాల్ సంగతి మిగిలే ఉంది, నేను దెబ్బ తిన్నది కూడా అక్కడే. ఒక టెస్ట్ సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టి, ఎస్ఎస్‌హెచ్ తప్ప అన్నీ మూసేసి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కంటైనర్‌ను 5432 పోర్టు మీద లేపాను. స్టేటస్ చూస్తే అన్నీ మూసే ఉన్నాయి. ధీమాగా నిద్రపోయాను. పొద్దున లాగ్‌లు తెరిస్తే ఎవరెవరో ఊహించిన పేర్లతో లాగిన్ ప్రయత్నాలు, వరసగా. డాకర్ తన ఐపీటేబుల్స్ (కెర్నల్ ఫైర్‌వాల్) నియమాలు తానే రాసుకుంటుందని నాకప్పటికి తెలియదు. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ చిరునామాను డాకర్ ముందే మార్చేసి కంటైనర్ వైపు మళ్లిస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మనం పెట్టే మామూలు నియమాలు మెషీన్‌లోకే వచ్చే ప్యాకెట్లకు కాపలా. మళ్లిన ప్యాకెట్ ఆ కాపలా ముందుకే రాదు. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టయింది నా పని.

మందు చిన్నదే. పోర్టు ఇచ్చేటప్పుడు ఉత్త 5432 కాకుండా ముందు 127.0.0.1 అని చేర్చితే ఆ మెషీన్ లోపలి వాళ్లకే అందుతుంది. ఒక కంటైనర్ ఇంకో కంటైనర్‌తో మాట్లాడటానికైతే పోర్టు బయటికి తీయనే అక్కర్లేదు, ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు. బయటికి తీయాల్సిందే, కొందరికే అందాలి అంటే ఐపీటేబుల్స్‌లో డాకర్-యూజర్ అనే చెయిన్‌లో (నియమాల వరసలో) నియమాలు రాయాలి.

రెండోది లాగ్‌లు. డాకర్ మామూలుగా వాడే జేసన్-ఫైల్ పద్ధతిలో లాగ్‌కు హద్దు లేదు, డిస్క్ నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. డీమన్.జేసన్ ఫైల్‌లో లాగ్ డ్రైవర్‌ను 'లోకల్' అని మార్చండి. ఒక్కో కంటైనర్‌కు 20 ఎంబీ ఫైళ్లు ఐదు, అంతకు మించి దాచదు. ఈ మార్పు ఆ తర్వాత సృష్టించిన కంటైనర్లకే వర్తిస్తుంది. పాతవాటిని తీసేసి మళ్లీ లేపాలి, రీస్టార్ట్ చేస్తే సరిపోదు.

కంపోజ్ గురించి ఒక్క ముక్క. పాత వ్యాసాల్లో డాకర్, కంపోజ్ మధ్య గీత ఉన్న కమాండ్ కనబడితే అది పైథాన్‌లో రాసిన మొదటి వెర్షన్. 2023 జులైతో దాని కథ ముగిసింది. ఇప్పటిది మధ్యలో ఖాళీ ఉన్నది.

పాడ్‌మన్ అనుకుంటే

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబం వాడేవాళ్లకు ఇది ఇంటి మనిషి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8తో 2019లో డాకర్‌ను పక్కన పెట్టి పాడ్‌మన్‌ను తెచ్చారు. అక్కడ ఒక్క డీఎన్ఎఫ్ కమాండ్‌తో అయిపోతుంది, అసలు చాలాసార్లు ముందే ఉంటుంది. ఆ డిస్ట్రోల్లో డాకర్ కోసం బయటి రెపో కలుపుకుని కుస్తీ పట్టే ముందు, మీ అవసరం పాడ్‌మన్‌తో తీరుతుందేమో ఒక్క సాయంత్రం చూడండి.

డెబియన్, ఉబుంటుల మీద మాత్రం ఇన్‌స్టాల్ చేసే ముందు వెర్షన్ చూడాలి. డిస్ట్రో ఏది ఇస్తే అదే మీ పాడ్‌మన్. ఉబుంటు 22.04లో వచ్చేది 3.4. డెబియన్ 12లో 4.3. పాడ్‌మన్‌ను సిస్టమ్‌డితో (లినక్స్‌లో సర్వీసులను లేపి చూసుకునేది) కలిపి నడిపే సులువైన పద్ధతి, క్వాడ్‌లెట్, వచ్చింది 4.4లో. అంటే డెబియన్ 12 వాళ్లకు ఒక్క మెట్టు తేడాతో చేజారింది. ఉబుంటు 24.04లో 4.9 ఉంది, అక్కడి నుంచి ఇబ్బంది లేదు.

క్వాడ్‌లెట్ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పాడ్‌మన్‌లో అసలు చిక్కు అక్కడే. డీమన్ లేదు కదా, రీబూట్ అయ్యాక కంటైనర్లను లేపేదెవరు? సిస్టమ్‌డి. క్వాడ్‌లెట్‌తో మీ హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్ లోపల కంటైనర్స్, దాని లోపల సిస్టమ్‌డి ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ రాస్తారు: ఇమేజ్ ఏది, పోర్టు ఏది, వాల్యూమ్ ఏది. డీమన్-రీలోడ్ చేయగానే అది మామూలు సర్వీస్ అయిపోతుంది. స్టేటస్ చూడొచ్చు, జర్నల్‌లో లాగ్ చదవొచ్చు, మిగతా సర్వీసులలాగే. అలవాటయ్యాక నాకు కంపోజ్ కంటే ఇదే నచ్చింది.

ఇంకో మెలిక ఉంది. మీ యూజర్ పేరు మీద నడిచే సర్వీసులు మీరు లాగౌట్ అవ్వగానే ఆగిపోతాయి. సర్వర్‌లో అన్నీ సెటప్ చేసి, బ్రౌజర్‌లో చూసుకుని, టెర్మినల్ మూసి లేస్తే సైట్ పడిపోతుంది. మళ్లీ లాగిన్ అయి చూస్తే బాగానే నడుస్తూ ఉంటుంది. ఈ దాగుడుమూతలతో నేను ఒక పూట పోగొట్టుకున్నాను. లాగిన్‌సీటీఎల్ కమాండ్‌తో మీ యూజర్‌కు 'లింగర్' ఆన్ చేస్తే తీరిపోతుంది. పాడ్‌మన్ వేసిన రోజే ఇది చేసేయండి, తర్వాత గుర్తుండదు.

డాకర్ అలవాటు మీద వచ్చేవాళ్లకు తగిలే చిన్న రాళ్లు మరికొన్ని ఉన్నాయి. ఇమేజ్ పేరు ఉత్త 'ఎన్‌జిన్‌ఎక్స్' అంటే ఏ రిజిస్ట్రీ నుంచి అని అడగొచ్చు, ముందు డాకర్.ఐఓ చేర్చి పూర్తి పేరు రాయడం మంచి అలవాటు. 1024 కంటే తక్కువ పోర్టు రూట్‌లెస్ కంటైనర్‌కు ఇవ్వదు, కాబట్టి 80 బదులు 8080 వాడి ముందు ఒక ప్రాక్సీ పెట్టుకోవాలి, లేదా సిస్‌సీటీఎల్‌లో ఆ హద్దు తగ్గించాలి. ఎస్ఈలినక్స్ (ఫెడోరా లాంటివాటిలో ఉండే అదనపు భద్రతా కాపలా) ఉన్న డిస్ట్రోలో వాల్యూమ్ తగిలించేటప్పుడు చివర పెద్ద జెడ్ చేర్చకపోతే పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఎస్ఈలినక్స్‌నే ఆపేయమనే సలహాలు వినబడతాయి, ఒక్క అక్షరంతో పోయేదానికి.

దీనికి బదులుగా ఒక సుఖం ఉంది. పైన చెప్పిన పెరటి తలుపు గొడవ రూట్‌లెస్ పాడ్‌మన్‌లో లేదు. పోర్టు మీద కూర్చుని వినేది మీ యూజర్ ప్రాసెసే కాబట్టి యూఎఫ్‌డబ్ల్యూ మూసిందంటే మూసినట్టే.

కంపోజ్ విషయంలో మాత్రం డాకర్‌దే పైచేయి. పాడ్‌మన్‌లో కంపోజ్ అంటే విడిగా పాడ్‌మన్-కంపోజ్ వేసుకోవాలి, లేదా పాడ్‌మన్ సాకెట్ తెరిచి డాకర్ కంపోజ్‌నే దానితో మాట్లాడించాలి. చిన్న ఫైళ్లు చక్కగా నడుస్తాయి. ఇరవై సర్వీసులున్న ఫైల్‌ను టీమంతా డాకర్‌లో నడుపుతుంటే, మీరొక్కరే పాడ్‌మన్ పట్టుకుని తేడాలు సర్దుకుంటూ కూర్చోవడం టైమ్ దండగ.

మొత్తం మెషీనే కావాలంటే

ఒక అప్లికేషన్ కాదు, లోపల సిస్టమ్‌డి నడిచే, ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యే, ఆప్ట్‌తో ఏదైనా వేసుకునే పూర్తి డెబియన్ కావాలనుకోండి. డాకర్‌లో అది చేయబోయి తిప్పలు పడేవాళ్లను చాలామందిని చూశాను. దానికి ఇంకస్ ఉంది. ఇది ఎల్ఎక్స్‌డి అనే ఇలాంటి సాధనం నుంచి చీలిన కొమ్మ. 2023లో ఉబుంటు సంస్థ కెనానికల్ ఎల్ఎక్స్‌డిని పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నాక అదే ఏడాది ఆగస్టులో ఇంకస్ పుట్టింది, 2024లో 6.0 దీర్ఘకాల విడుదల వచ్చింది. ఉబుంటు 24.04, డెబియన్ 13 రెపోల్లో నేరుగా దొరుకుతుంది. ఉబుంటులో ఎల్ఎక్స్‌డి స్నాప్‌గానే వస్తుంది, స్నాప్ పడనివాళ్లకు ఇదొక్కటే చాలు ఇంకస్ వైపు రావడానికి.

ఇన్‌స్టాల్ అయ్యాక 'ఇంకస్ అడ్మిన్ ఇనిట్' కొడితే ప్రశ్నలు అడుగుతుంది. స్టోరేజ్ దగ్గర బీటీఆర్ఎఫ్ఎస్ గానీ జెడ్ఎఫ్ఎస్ గానీ ఎంచుకోండి, స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది. మిగతా వాటికి ఎంటర్ కొట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ కూడా ఇంకస్-అడ్మిన్ గ్రూపులో ఉన్నవాడు రూట్‌తో సమానమే, డాకర్ గ్రూపుకు చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. ఇంకస్ లోపల డాకర్ నడపాలంటే ఆ కంటైనర్‌కు నెస్టింగ్ ఆన్ చేయాలి.

మరి ఏది వేసుకోవాలి

కంటైనర్లు ఇప్పుడే నేర్చుకుంటున్నారు, పాఠాలన్నీ డాకర్ మీదే ఉన్నాయి అంటే డాకర్ సీఈ వేసుకోండి. ఫెడోరాలో కూర్చుని నేర్చుకునేవాళ్లు పాడ్‌మన్‌తో మొదలుపెట్టినా కమాండ్లు దాదాపు అవే, నష్టం లేదు. పలువురు లాగిన్ అయ్యే సర్వర్‌లో ఎవరి కంటైనర్లు వాళ్లవిగా ఉండాలంటే రూట్‌లెస్ పాడ్‌మన్, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఆఫీసు ప్రాజెక్టులో కంపోజ్ ఫైల్ ఉంటే ఆ ఫైల్ ఎక్కడ పుట్టిందో అదే వాడండి. ప్రయోగాలకు, పాడు చేసి పారేయడానికి పూర్తి మెషీన్లు కావాలంటే ఇంకస్. కుబెర్నెటీస్ (పలు మెషీన్ల మీద కంటైనర్లను నడిపించే వ్యవస్థ) నేర్చుకోవాలని డాకర్ వదిలేసేవాళ్లున్నారు, 2022లో వచ్చిన 1.24తో అది డాకర్‌ను నేరుగా వాడటం మానేసిందని విని. దానికీ మీరు ఇమేజ్ దేనితో కడతారన్నదానికీ సంబంధం లేదు.

ఒకటి వాడుతూ ఇంకోదానికి మారాలనుకుంటే తొందరపడి పాతది తీసేయకండి. డాకర్, పాడ్‌మన్ ఒకే మెషీన్‌లో పక్కపక్కనే ఉండగలవు, ఒకే పోర్టు ఇద్దరికీ ఇవ్వనంత వరకు. ఉండకూడనిది పాడ్‌మన్-డాకర్ ప్యాకేజీ ఒక్కటే, అది డాకర్ కమాండ్ పేరును ఆక్రమిస్తుంది. ఇమేజ్‌లను డాకర్ సేవ్‌తో ఒక ఫైల్‌గా తీసి పాడ్‌మన్ లోడ్‌తో ఎక్కించొచ్చు. వాల్యూమ్‌లు అలా రావు, డేటాబేస్ అయితే డంప్ తీసి కొత్తదానిలో ఎక్కించడమే క్షేమం. ఒక్కో సర్వీస్‌నే మార్చండి, వారం నడవనివ్వండి.

చివరికి డాకర్ ప్యాకేజీలను పర్జ్ చేసినా వార్ కింద లిబ్‌లోని డాకర్ ఫోల్డర్ అలాగే మిగిలి ఉంటుంది. అది చేత్తో డిలీట్ చేస్తేనే పోతుంది. ఆ ఆర్ఎమ్ కమాండ్ కొట్టే ముందు అందులోని వాల్యూమ్స్ ఫోల్డర్ ఒక్కసారి తెరిచి చూడండి. ఎప్పుడో పేరు పెట్టకుండా లేపిన కంటైనర్ల డేటా పొడవాటి అంకెలు, అక్షరాల పేర్లతో అక్కడే ఉంటుంది, అందులో ఒకటి మీకు కావాల్సినదే అయ్యుండొచ్చు.